ఆంగ్లపదములకు గురులఘువులు

1990వ దశకపు తొలినాళ్ల మాట. నేను తెలుగుపండితుడనుగా పనిచేయుచుండిన ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడు సెలవు పెట్టగా, తొమ్మిదవ తరగతివారికి ఆ గంట పాఠము చెప్పుమని ప్రధానోపాధ్యాయులు నన్ను పంపిరి. ఆంగ్లమున నాకు గల పరిచయము చదువుటకును వ్రాయుటకును చాలునదే కాని, చెవితో నేర్చినది కాదు. పాఠములో ఛాయాచిత్రములు తీయు విద్యను గూర్చిన వాక్య మొకటి వచ్చినది. చదువుచున్న బాలుడు ఆ పదమును 'ఫటాగ్రఫీ' యని పలికెను. నేను ఆపి 'ఫోటోగ్రఫీ' యనుమంటిని. వాడు తల వంచుకొని మఱల "ఫటాగ్రఫీ అండీ" అనెను. తరగతి నవ్వినది. "ఏరా, ఫోటోను ఫటా అంటావా? ఎవరు నేర్పారు నీకు?" అని గద్దించి బెంచీ యెక్కించితిని. వాని మేనమామ యింట చిన్న రేడియో యొకటి యుండెననియు, వాడు రాత్రివేళ లండను వార్తలు వినుచుండెడివాడనియు నాకు తరువాత తెలిసినది.

సాయంకాలము పాఠశాల గ్రంథాలయములోని నిఘంటువు తీసి చూచితిని. ఆ పదము నాలుగక్షరములుగా విభజింపబడి, రెండవ యక్షరమునకు ముందు నిలువుగీత యొకటి పెట్టబడియుండెను. ఊనిక దానిపైననుట. తొలియక్షరమునందలి యచ్చు ఓకారమే కాదు. పలికీ పలుకని యకారము. బాలుడు పలికినదే సరి. మఱునాడు తరగతిలో ఆ మాట నేను ఒప్పుకొనవలసినది. నోరు రాలేదు. ఇంగ్లీషు ఉపాధ్యాయుడు తిరిగి వచ్చెను. నా తెలుగుగంటలు నాకు వచ్చినవి. ఆ బాలుడు మాత్రము నా గంటలో పెదవి విప్పుట మానెను. పద్యము చదువుమన్నను ప్రక్కవానివైపు చూచెడివాడు.

ఆంగ్లమున దీర్ఘపదము నెట్లు విడదీయుదురు, ఊనిక యేయక్షరముపై పడునని ఎట్లు తెలియునను ప్రశ్న నా కట్లు పట్టుకొన్నది. ఇంగ్లీషు చదివినవారిని అడిగితిని. "అలవాటు మీద వస్తుందండి" అనిరి. వ్యాకరణము చదివినవానికి ఆ సమాధానము రుచింపదు. అలవాటున నొక క్రమ ముండవలెను; లేనిచో నది అలవా టెట్లగును?

ఊనికవలన అర్థము మారుట మనకు క్రొత్తది కాదు. గోదావరీ మండలమున వేదపాఠశాల గడప త్రొక్కిన ప్రతివాడును ఇంద్రశత్రు వృత్తాంతము వినియుండును. తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు చంపగా, త్వష్ట ఇంద్రుని జంపగల కొడుకును గోరి హోమము చేసెను. మంత్రమున 'ఇంద్రశత్రు' శబ్దమును ప్రయోగించెను. ఆ సమాసము అంతోదాత్తమైనచో తత్పురుషమై 'ఇంద్రుని చంపువాడు' అని యర్థము. ఆద్యుదాత్తమైనచో బహువ్రీహియై 'ఇంద్రుడే తనను చంపువాడుగా గలవాడు' అని యర్థము. త్వష్ట తొలియక్షరమున ఉదాత్తమును పలికెను. పుట్టిన వృత్రుడు ఇంద్రునిచే హతుడయ్యెను. తైత్తిరీయసంహితలోని యీ కథను పతంజలి మహాభాష్యప్రారంభముననే స్మరించియున్నాడు. ఇంగ్లీషున ఇంత ప్రాణాపాయము లేదు గాని, తీరు అదియే. 'రికార్డు' అను పదమున ఊనిక మొదటి యక్షరముపై నున్నచో నది దస్తావేజు. రెండవ దానిపై నున్నచో నమోదుచేయుట యను క్రియ. 'ఆబ్జెక్టు' తొలియూనికతో వస్తువు, మలియూనికతో అభ్యంతరము చెప్పుట. 'కాంట్రాక్టు', 'ప్రెజెంటు' మొదలగునవి ఇట్టివే.

మఱియొక సామ్యము. పదమున నొక్క యచ్చు మాత్రమే ఉదాత్తమై, తక్కినవన్నియు అనుదాత్తములగునని పాణిని శాసించెను. ఆంగ్లపదమునను ప్రధానమైన ఊనిక యొక్కటే. అయితే వేదస్వరము కంఠము హెచ్చుతగ్గులకు సంబంధించినది. ఆంగ్లపు ఊనికలో స్వరపు హెచ్చు, శ్వాసబలము, కాలదైర్ఘ్యము మూడును కలిసియుండును. వ్రాతలో నొక వింత గలదు. మన తైత్తిరీయ పుస్తకములలో అనుదాత్తమునకు క్రింద అడ్డగీత, స్వరితమునకు పైన నిలువుగీత గలవు. ప్రధానమైన ఉదాత్తమునకు గుర్తే లేదు. ఆంగ్ల నిఘంటువులలో ప్రధానమునకే గుర్తు. తక్కినవానిని అడుగువారు లేరు.

ఊనికను వెదకుటకు ముందు పదమును విడదీయవలెను. ఇక్కడనే మన పిల్లలు తొట్రుపడుదురు. దోషము వారిది కాదు, మన లిపిది. 'డాక్టరు' అను మాటను విడదీయుమన్నచో తెలుగు బాలుడు డా-క్ట-రు అనును. లిపి అట్లున్నది. సంయుక్తాక్షరములోని హల్లులన్నిటిని తరువాతి యచ్చునకు కట్టివేయుట మన వ్రాతకు ధర్మము. చెవికి వినబడునది అది కాదు. డాక్-టర్ అని వినబడును. తైత్తిరీయ ప్రాతిశాఖ్యమున నీ విభాగము స్పష్టముగా చెప్పబడియున్నది. హల్లు అచ్చునకు అంగము. ఒంటరి హల్లు తరువాతి యచ్చును చేరును. పదాంతమందలిది వెనుకటి యచ్చును చేరును. హల్లులు రెండు కలిసినప్పుడు మొదటిది వెనుకటి యచ్చుది. కావున 'ధర్మము' వ్రాతలో ధ-ర్మ-ము, పలుకులో ధర్-మ-ము. సంయోగమునకు ముందున్న హ్రస్వము గురువగునని ఛందస్సులో మనము బాల్యముననే వల్లించినదానికి కారణ మిదియే. హల్లు వెనుకకు వచ్చి దానిని బరువు చేయుచున్నది. 'అక్షరము' అను మాటకు మన పూర్వులు పెట్టిన యర్థము కూడ ఇదియే. వర్ణము వేఱు, అక్షరము వేఱు. నేడు బడిలో రెండింటిని ఒకే మాటతో చెప్పి పిల్లల మతి చెడగొట్టుచున్నాము.

కొన్ని పదములలో అచ్చు లేకయే అక్షర మేర్పడును. 'లిటిల్' అను మాట చివర 'ల్' ఒక్కటియే అక్షరమై నిలుచును. ఇది విని నేను మిక్కిలి సంతోషించితిని. మనకు వర్ణమాలలో ఌకార మున్నది గదా! సంస్కృతమున నొక్క 'కౢప్' ధాతువునకు తప్ప పనికిరాక, పాపము, శతాబ్దములుగా కూర్చున్నది. దానికి ఇంగ్లీషున నింత ఉద్యోగ మున్నదని ఎవ్వరనుకొనిరి? అట్లే ఊనిక లేని యక్షరములలో వినబడు ఆ పలికీ పలుకని యకారమును చూచి మనవారు జంకవలసిన పనిలేదు. సంస్కృతపు హ్రస్వాకారము ప్రయోగమున సంవృతమని చెప్పుటకే పాణిని అష్టాధ్యాయిలోని కట్టకడపటి సూత్రమును వినియోగించెను.

ఇక ఊనిక. ఆంగ్లము మూలమున జర్మానిక భాష. ఆ కుటుంబమున ఊనిక సామాన్యముగా ధాతువు తొలియక్షరముపై నుండును. నీరు, తండ్రి, తల్లి, ఇల్లు అను నిత్యజీవనపు మాటలకు నేటికిని అంతే. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచిపదములు, ఆ వెనుక విద్యాపునరుజ్జీవన కాలమున లాటిను గ్రీకు పదములు వెల్లువగా వచ్చినవి. ఫ్రెంచిమాటలు తొలుత తమ యంత్యపు ఊనికతోనే వచ్చినవి. 1400లో మరణించిన చాసరు కవి పద్యములలో 'నేచరు' వంటి మాటకు చివర ఊనిక యుంచినగాని నడక కుదురని చోట్లున్నవి. క్రమముగా నవి ఇంగ్లీషు వేషము వేసికొని ఊనికను ముందునకు జరుపుకొన్నవి. దీర్ఘములైన పదములకు మాత్రము లాటిను నియమము చాలవఱకు నిలిచినది.

ఆ నియమమును మొదట చదివిననాడు నాకు నిద్రపట్టలేదు. అది మన గురులఘు శాస్త్రమే! 1వ శతాబ్దమున రోమునగరమున వక్తృత్వ శాస్త్రము బోధించిన క్వింటిలియను దానిని చెప్పియున్నాడు. పదమున చివరినుండి రెండవ యక్షరమును చూడుము. అది గురువైనచో ఊనిక దానిపైననే. లఘువైనచో ఊనిక దానికి ముందున్నదానిపై. ఇంతియే. గురువనగా దీర్ఘము కలదియో, హల్లుతో ముగియునదియో. మన లక్షణకర్తలకును వారికిని ఈ విషయమున రవ్వంతయు భేదము లేదు.

ఇంగ్లీషున పరీక్షించితిని. 'అజెండా': అ-జెన్-డ, నడిమిది గురువు, ఊనిక దానిపై. 'కలెక్టరు', తెలుగు ఉకారమును తీసివేయగా, క-లెక్-టర్, అట్లే. 'అమెరికా': అ-మె-రి-క, చివరినుండి రెండవదైన 'రి' లఘువు, కావున దానికి ముందున్న 'మె'. 'సినిమా': నడిమి 'ని' లఘువు, ఊనిక 'సి' మీద. 'యూనివర్సిటీ': యూ-ని-వర్-సి-టి, 'సి' లఘువు, ఊనిక 'వర్' మీద. నన్ను బాధించిన ఆ ఛాయాచిత్రపు మాట: ఫ-టాగ్-ర-ఫి, 'ర' లఘువు, ఊనిక 'టాగ్' మీద. బాలుని చెవి లాటిను నియమమును తప్పలేదు.

వీనిలో 'ఆల్జీబ్రా' నాకు ప్రియమైనది. అరబ్బీ మాట లాటినుద్వారా వచ్చినది. ఇంగ్లీషున దాని నడిమి యచ్చు దీర్ఘము కాదు: ఆల్-జె-బ్ర. 'జె'కు తరువాత 'బ్ర' యను సంయోగ మున్నది; మన సామాన్యసూత్రముచే 'జె' గురువు, ఊనిక దానిపై పడవలెను. పడదు. ఊనిక 'ఆల్' మీదనే. ఏమి కారణము? రేఫము చేరిన సంయోగము తేలికగా పలుకబడునప్పుడు వెనుకటి యక్షరము గురువు కానక్కఱలేదని మన తెలుగు ఛందస్సులో నొక మినహాయింపు గలదు. 'అద్రుచు', 'విద్రుచు' వంటి మాటలకు దానిని చెప్పుదురు. లాటిను వైయాకరణులును స్పర్శముమీద రేఫముగాని లకారముగాని వచ్చినచో అట్టి మినహాయింపునే యిచ్చిరి. వారును మనవారును పరస్పరము ఎఱుగక చెప్పిన యొక్కమాట ఒక బీజగణితపు పాఠ్యపుస్తకపు అట్టమీద నాకు కనబడినది.

ప్రత్యయములవలనను ఊనిక మారును. 'షన్' అను ధ్వనితో ముగియు పదములన్నిటను ఊనిక ఆ ప్రత్యయమునకు వెనువెంట ముందున్న యక్షరముపైననే: ఎడ్యుకేషన్‌లో 'కే', ఎగ్జామినేషన్‌లో 'నే', కాన్స్టిట్యూషన్‌లో 'ట్యూ'. 'ఇక్' అను ప్రత్యయమునకును ప్రాయికముగా నింతే: 'డెమాక్రసీ'లో 'మాక్' మీదనున్న ఊనిక 'డెమొక్రాటిక్'లో 'క్రాట్' మీదికి దుముకును. పాణినీయము చదివినవారికి ఇది పరిచితమైన దారియే. లకారము ఇత్తుగా గల ప్రత్యయమునకు ముందున్న యచ్చు ఉదాత్తమగునని ఆయన చెప్పినాడు. చకారము ఇత్తుగా గలచో అంతోదాత్తము. ఇంగ్లీషున ఇంజనీరు, వాలంటీరు అను మాటలలో ఊనిక ప్రత్యయము మీదనే పడుట ఈ రెండవ పద్ధతి. ఆంగ్ల ప్రత్యయములకు ఇత్సంజ్ఞలు పెట్టినవారు లేకపోయిరి. పెట్టియున్నచో మన పిల్లలు రెండు నెలలలో వల్లించెడివారు.

ఇంగ్లండువారు ఈ విషయమును పుస్తకములకెక్కించుట మిక్కిలి ఆలస్యముగా జరిగినది. 1755లో జాన్సను పండితుడు ప్రకటించిన మహానిఘంటువున పదములకు ఊనికగుర్తు మాత్రమే యుంచెను, ఉచ్చారణను చెప్పలేదు. 1780లో షెరిడను, 1791లో వాకరు ఉచ్చారణ నిఘంటువులు వెలయించిరి. వాకరు నాటకశాలలో నటుడై, పిదప వక్తృత్వ బోధకుడైనవాడు. పదమును అక్షరములుగా విడదీసి, అచ్చులపై అంకెలు వేసి, ఊనిక చూపెను. అమెరికాలో వెబ్‌స్టరు 1783లో ప్రకటించిన వర్ణక్రమ పుస్తకము పదములను చెవికి వినబడునట్లు విడదీసి పిల్లలచే చదివించెను. ఇప్పటికిని పంక్తి చివర పదమును విఱచునప్పుడు ఇంగ్లండువారు పదవ్యుత్పత్తిని, అమెరికావారు ధ్వనిని అనుసరింప జూతురు. మన అచ్చుకూటములవారికి ఈ తగవు లేదు. ఏయక్షరము దగ్గఱ పంక్తి నిండిన అక్కడ విఱుతురు. పద్యపాదము చివర పదమును విఱుచుటకే వెనుదీయని జాతి మనది.

1917లో డేనియల్ జోన్సు ఆచార్యుడు తన ఉచ్చారణ నిఘంటువును వెలువరించెను. ఇక్కడ నొక చిక్కు గలదు. పాత నిఘంటువులు ఊనికగుర్తును అక్షరమునకు తరువాత ఉంచెడివి. జోన్సు పద్ధతి దానిని అక్షరమునకు ముందు ఉంచుట. పాతదానికి అలవాటుపడిన ఉపాధ్యాయుడు క్రొత్త నిఘంటువు తీసినచో ప్రతిపదమునకు నొకయక్షరము ముందుగా ఊనిక వేయును. తప్పుగా చెప్పుటయే కాక, నిఘంటువు చూచి చెప్పుచున్నానను ధీమా కూడ కలుగును.

మన ప్రాంతమునకు వత్తము. మచిలీపట్టణమున రాబర్టు నోబిలు పాఠశాల 1843లో వెలసినది. కాకినాడలో పిఠాపురపు రాజావారి పేర వెలసిన కళాశాల 1884నాటిది. 20వ శతాబ్దపు తొలి రెండు దశకములలో దానికి అధ్యక్షులుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి ఆంగ్లవాక్కునకు ఆ దినములలో పెద్దపేరు. మా పిఠాపురపు ఉన్నత పాఠశాలలో కూచి నరసింహముగారు ఇంగ్లీషు చెప్పిరి. 1897లో ఈ చేరువ గ్రామమున జన్మించిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు వారి శిష్యులు. అట్టి గురువులు దొరకినవారికి ఊనికసూత్రములతో పనిలేదు. గురువు నోటినుండి శిష్యుని చెవికి వచ్చును, వేదము వచ్చినట్లే. గురువునకే వినికిడి లేనిచోట నేమి చేయవలెను? పల్లెటూళ్ల పాఠశాలలు నూటికి తొంబది ఆ స్థితిలోనివి. నావంటివారు చెప్పిన ఇంగ్లీషే ఆ పిల్లలకు ఇంగ్లీషు.

ఆ కాలముననే ఉత్తరసర్కారుల పాఠశాలలకు పరీక్షాధికారిగా వచ్చిన యేట్సుదొర, తెలుగు నేర్చుకొనుచు, నోటి తెలుగునకును పుస్తకపు తెలుగునకును ఇంత దూరమేల యని అడిగెను. గిడుగు రామమూర్తిగారి వ్యావహారికోద్యమమునకు ఆ ప్రశ్న యొక ప్రేరణ. మా పిఠాపుర మప్పుడు రెండవపక్షము కోట. శ్రీ సూర్యరాయ మహారాజావారి పోషణతో, జయంతి రామయ్యపంతులుగారి పూనికతో సిద్ధమైన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటము 1936లో వెలువడినది. నేను ఆ నిఘంటువు నీడలో పెరిగినవాడను. నా వ్రాతచూచి శ్రోతలే గ్రహించియుందురు. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. వ్రాసిన రూపమునుబట్టియే పలుకవలెనను మొండిపట్టు ఆ బాలుని విషయమున నన్ను చెఱచినది. 'ఫోటో' అని వ్రాసియుండగా 'ఫటా' ఎట్లగునని నేనడిగిన ప్రశ్న గ్రాంథికుని ప్రశ్నయే.

చదువురాని తెలుగువాడు ఇంగ్లీషుమాటలను ఎట్లు స్వీకరించెనో చూచిన మఱికొంత తెలియును. బ్రౌనుదొర 1854లో తెలుగున వాడుకలోనున్న అన్యదేశ్యములకు ప్రత్యేకముగా నిఘంటువునే కూర్చెను. మన నోరు పరభాషా పదమున ఊనికను లెక్కచేయదు. గురులఘువులను తనకు తోచినట్లు అమర్చుకొనును. ఇంగ్లీషున 'హోటల్' ఊనిక చివర. మనము చివరను తేలగొట్టి 'హోటలు' అంటిమి. 'టిక్కెట్టు' అని రెండుచోట్ల ద్విత్వము పెట్టితిమి. ఆ పదమునకు ఊనిక యొక్కటే. యంత్రమును జెప్పు మాటకు మలియూనిక, దీర్ఘము గలవు. మతప్రచారక సంఘమును జెప్పు మాటకు తొలియూనిక. తెలుగున రెండును 'మిషను'లే యైనవి. కుట్టుమిషను ఏదో, క్రైస్తవమిషను ఏదో సందర్భమునుబట్టి తెలిసికొందుము. త్వష్ట మనవాడైనచో వృత్రుడు బ్రతికెడివాడేమో!

దొరలును తక్కువ తినలేదు. పి-ఠా-పు-ర-ము అను మా యూరి పేరు ప్రీవీ కౌన్సిలు తీర్పులలో 'పిట్టాపూరు' అయినది. ఊనికను తొలియక్షరముపై నిలుపుటకు టకారమును రెట్టించి, మా ఠాకారమునందలి బలమును హరించిరని నా యభిప్రాయము. శ్రీకాకుళము 'చికాకోలు', కాకినాడ 'కొకనాడా' అయినవి. రాజమహేంద్రవరము ఎనిమిదక్షరములు, దానిని మనవారే కొంత కుదించిరి, దొరల దస్తరములు ఆ కుదింపును స్థిరపఱచినవి. 2015లో ఆ నగరమునకు పూర్తిపేరు మఱల ప్రభుత్వపత్రములకెక్కినది. బస్సువాడు మాత్రము ఇంకను "రాజమండ్రి, రాజమండ్రి" అనియే కేకవేయుచున్నాడు.

సూత్రములు తెలిసినంతమాత్రమున పని తీరదు. ఆంగ్లేయులకే ఊనిక స్థిరము కాదు. 'బాల్కనీ' అను మాటకు పూర్వము రెండవ యక్షరముపై ఊనిక యుండెను. 19వ శతాబ్దమున తొలియక్షరమునకు మారుచుండగా, వృద్ధుడైన రోజర్సు కవి అది విని రోత పుట్టుచున్నదని వాపోయెను. నేడు ఆయన పలికినట్లు పలికినవానిని చూచి నవ్వుదురు. 'లబారెటరీ' యని ఇంగ్లండువారు రెండవ యక్షరమును, 'లాబ్రటోరీ' యని అమెరికావారు మొదటిదానిని ఊనుదురు. లండను రేడియోసంస్థ 1926లో ఇట్టి తగవులు తీర్చుటకొక సంఘమునే వేసినది. ఆస్థానకవి రాబర్టు బ్రిడ్జెసు దానికి అధ్యక్షుడు. 1930 నుండి బెర్నార్డు షా. జోన్సు ఆచార్యుడును అందు సభ్యుడే. మహాకవియు మహానాటకకర్తయు కూర్చుండి, ఏమాటలో ఏయక్షరము ఊనవలెనని వాదించుకొనిరన్నచో, నేనొక సాయంకాలము తప్పిపోయితినని అంతగా కుంగనక్కఱ లేదేమో. కాని వారు ఎవ్వరిని బెంచీ యెక్కించలేదు.

మన దేశమున నీ విషయమును శాస్త్రీయముగా పరిశీలించిన కీర్తి హైదరాబాదుది. 1958లో అక్కడ కేంద్రీయ ఆంగ్ల విద్యాసంస్థ నెలకొన్నది, నేడది విశ్వవిద్యాలయము. అందలి బన్సాల్‌గారు భారతీయుల ఇంగ్లీషు పరదేశీయులకు ఎంతవఱకు అర్థమగునో పరిశోధించి 1969లో గ్రంథము ప్రకటించిరి. అర్థము కాకపోవుటకు గల ముఖ్యకారణములలో ఊనిక తప్పుటను వారు చేర్చిరి. శబ్దము కొంచెము తెలుగుబాణిలోనున్నను శ్రోత సర్దుకొనును. ఊనిక తప్పినచో మాటనే గుర్తింపలేడు. తెలుగులో ఊనిక యున్నదా లేదా యను మాటయు పండితులు విడిచిపెట్టలేదు. 1991లో భద్రిరాజు కృష్ణమూర్తిగారును, లీ లిస్కరు అను అమెరికా ధ్వనిశాస్త్రవేత్తయు తెలుగుపదములను తెలుగువారిచేతను ఇంగ్లీషువారిచేతను వినిపించి పరిశీలించిరి. నా బోటివానికి తోచున దొక్కటి. వేగముగా మాటలాడునప్పుడు మనము రెండవ యక్షరపు అచ్చును మ్రింగుదుము: అరటి 'అర్టి' యగును, చిలుక 'చిల్క' యగును, పదునాలుగు 'పద్నాలుగు' అయి వ్రాతకే యెక్కినది. తొలియచ్చును మ్రింగము. ఆ తొలియక్షరమున నేదో కొంత బల మున్నదనుటకు ఇది చాలదా?

మరల ఆ తరగతికి వత్తును. ఈ విషయములన్నియు నాడే తెలిసినవి కావు. కొన్ని తరువాత చదివితిని. లాటిను నియమము మాత్రము ఆ సంవత్సరముననే దొరకినది. పదవ తరగతికి వచ్చిన ఆ పిల్లలకే ఛందస్సు చెప్పవలసివచ్చినది. గురులఘువుల పాఠమునాడు ఉత్పలమాలకు బదులు ఇంగ్లీషుమాటలు నల్లబల్లపై వ్రాసితిని: యూనివర్సిటీ, అజెండా, అమెరికా. నిలువుగీతయు U గుర్తును వేయుమంటిని. పిల్లలు విస్తుపోయి చూచిరి, వేసిరి. చివరినుండి రెండవది చూడుమని నియమము చెప్పితిని. నాలుగవ మాటగా ఆ ఛాయాచిత్రపు మాటను వ్రాసి, గుర్తులు నేనే వేసి, ఊనిక రెండవదానిపై పడుచున్నదని చూపి, "పోయినేడు నేను తప్పు చెప్పానర్రా. వాడు చెప్పిందే ఒప్పు" అంటిని. ఎవ్వరును నవ్వలేదు. వాడు పుస్తకములోనికే చూచుచుండెను.

'ఇక్' ప్రత్యయపు నియమమును తరువాత చెప్పితిని. ప్రత్యయమునకు ముందున్న యక్షరముపై ఊనిక యని బల్లపై వ్రాసి, డెమొక్రాటిక్, సైంటిఫిక్ అని రెండుదాహరణము లిచ్చి, సుద్దముక్క క్రింద పెట్టుచుండగా వెనుక వరుసనుండి మాట వినవచ్చినది.

"మాష్టారండీ, మరి అరిథ్మెటిక్కో?"

వాడే. విడదీసితిని: అ-రిథ్-మె-టిక్. లెక్కలశాస్త్రమనునప్పుడు ఊనిక 'రిథ్' మీద; నియమము చొప్పున 'మె' మీద నుండవలెను. తప్పినది. "పాలిటిక్స్ కూడా అండీ" అని వాడే మఱల అనెను. సుద్దముక్క వాని చేతికిచ్చి, అపవాదములని శీర్షిక పెట్టి వ్రాయుమంటిని. గంట కొట్టువేళకు వాడు నాలుగు మాటలు వ్రాసెను. వానిలో రెండు నాకు తెలియవు.